"నా పేరు ఊరికే ఉంది అక్కా": హ్యాడెనమ్ మట్టిగోడ ఇంటి కేసు

ఈ ఫైలు మూసి కొన్ని నెలలైంది. ఆ ఇల్లు కొన్న భార్యాభర్తలే రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను. పేర్లు చెప్పను, గుర్తుపట్టేలా ఉన్న చిన్న చిన్న వివరాలు మార్చాను, అంకెల్ని కాస్త గుండ్రం చేశాను. నేను ఇంగ్లండులో మార్ట్‌గేజ్ అడ్వైజర్‌ని, అంటే ఇంటి లోన్ల సలహాదారుని. లాయర్ని కాదు, టాక్స్ మనిషినీ కాదు. ఈ కేసులో తప్పు మొదట జరిగింది నా దగ్గరే, అదీ చెప్తాను.

ఆయనది గుడివాడ వైపు. ఐటీ ఉద్యోగం, ఆఫీసు లండన్ మూర్‌గేట్ దగ్గర, వారానికి రెండు రోజులు తప్పనిసరిగా వెళ్ళాలి. ఆవిడది నల్గొండ, ఐల్స్‌బరీలోని స్టోక్ మాండవిల్ ఆసుపత్రిలో పని చేస్తుంది. ఏడేళ్ళ పాప. అప్పటికి లండన్‌లోని హారోలో అద్దెకి ఉంటున్నారు, అంటే ఆయనకి సుఖం, ఆవిడకి రోజూ కారులో నరకం. ఇద్దరికీ మధ్యలో ఏదైనా ఊరు చూసుకుందాం అని మ్యాప్ తీస్తే బకింగ్‌హమ్‌షైర్‌లో హ్యాడెనమ్ కనిపించింది. థేమ్ పట్నానికి దగ్గర్లో ఉన్న పల్లె. లండన్ మెరిలబోన్ నుంచి బర్మింగ్‌హామ్ వైపు వెళ్ళే లైన్లో దానికో స్టేషన్ ఉంది. ఒక ఆదివారం మధ్యాహ్నం వెళ్ళారు, ఎండ కాసింది, చర్చి ముందు చెరువులో బాతులు, చుట్టూ తెల్లటి గోడల సందులు. ఇంకేముంది, పడిపోయారు. దానికి తోడు బకింగ్‌హమ్‌షైర్‌లో గ్రామర్ స్కూళ్ళు, అంటే పరీక్ష పెట్టి పిల్లల్ని తీసుకునే ప్రభుత్వ స్కూళ్ళు, ఇంకా ఉన్నాయి, పదకొండో ఏట పరీక్ష, 121 వస్తే అర్హత. ఎంసెట్ గాలి పీల్చి పెరిగినవాళ్ళకి అలాంటి అంకె ఒకటి చెప్తే ఇక ఆగుతారా? అర్హత వచ్చినంత మాత్రాన సీటు ఖాయం కాదనీ, స్కూలుకి ఇల్లెంత దూరం అన్నదీ చూస్తారనీ చెప్పాను. విన్నట్టే కనిపించారు.

నాదో పద్ధతుంది. పల్లెలో ఇల్లు కొంటాం అని వచ్చినవాళ్ళని, ఆఫర్ పెట్టకముందే, ఒక మంగళవారం పొద్దున, వాన పడే రోజైతే మరీ మంచిది, ఆ ఇంటి గుమ్మం నుంచి ఆఫీసు కుర్చీ దాకా ఒకసారి వెళ్ళి రమ్మంటాను. ఈయన వెళ్ళొచ్చాడు. ఫాస్ట్ ట్రైన్ అయితే మెరిలబోన్‌కి ముప్పావు గంటలోపే, అది నిజమే. కానీ వాళ్ళు చూసిన ఇల్లు చర్చి వైపు, స్టేషన్ ఊరికి అవతలి కొస. నడక పాతిక నిమిషాలు. అటు మెరిలబోన్‌లో దిగి, బేకర్ స్ట్రీట్ దాకా నడిచి, ట్యూబ్ (లండన్ మెట్రో) ఎక్కి మూర్‌గేట్. మొత్తం గంటా నలభై. "సైట్లో ముప్పావు గంట అని రాశారు కదా అక్కా" అన్నాడు. ఇళ్ళు అమ్మేవాళ్ళు ప్లాట్‌ఫారం నుంచి ప్లాట్‌ఫారానికి చెప్తారు నాయనా, నువ్వు ప్లాట్‌ఫారం మీద కాపురం ఉండవు కదా అన్నాను.

ఇప్పుడున్న స్టేషన్ 1987లో తెరిచారు. అంతకు ముందున్న పాత స్టేషన్‌ని 1963లో మూసేశారు, అంటే పాతికేళ్ళ దాకా ఆ ఊరికి రైలే లేదు. పాత ఊరంతా చర్చి చుట్టూ, కొత్త స్టేషన్ అంచున ఉండటం కొనేవాళ్ళందరికీ తగిలే విషయం. కారులో వెళ్తే పార్కింగ్‌కి రోజూ కట్టాలి. డిసెంబర్లో నాలుగు కొట్టకముందే పొద్దు వాలిపోతుంది, కొన్ని సందుల్లో దీపాలు అంతంతమాత్రం. ఆయనకి కలిసొచ్చింది ఒక్కటే: 2021 నుంచి ఫ్లెక్సీ సీజన్ టికెట్ ఉంది, 28 రోజుల్లో 8 రోజులు వాడుకోవచ్చు. వారానికి రెండు రోజులంటే లెక్క అచ్చంగా సరిపోతుంది. కంపెనీ రేపు మూడో రోజు కూడా రమ్మంటే ఏంటి అని అడిగితే భార్యాభర్తలు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. ఆ లెక్క కూడా వేసి, నెలకి ఎంత ఎక్కువవుతుందో కాగితం మీద పెట్టి, అప్పుడు ఆఫర్ పెట్టించాను. 2025 మేలో 4,80,000 పౌండ్లకి ఒప్పుకున్నారు. ఇక్కడ ఒప్పుకోవడం అంటే మాట మాత్రమే, అడ్వాన్సు లేదు, అగ్రిమెంటు లేదు. కాంట్రాక్టులు ఎక్స్‌ఛేంజ్ అయ్యేదాకా, అంటే రెండు వైపులవాళ్ళూ సంతకాల కాగితాలు మార్చుకునేదాకా, ఎవరైనా ఎప్పుడైనా తప్పుకోవచ్చు.

ఇక ఇల్లు. ముందు భాగం పాతది, వెనక డెబ్బైల్లో కట్టిన ఇటుక గదులు. ఆ ముందు భాగం గోడలు విచర్ట్. అది ఆ చుట్టుపక్కల నేలలో మాత్రమే దొరికే తెల్లమట్టి, సున్నపురాయి కలిసిన బంక లాంటిది. దాంట్లో గడ్డి వేసి తొక్కి, కింద రాళ్ళ పునాది మీద మూరెడు ఎత్తు చొప్పున వరసలు పెట్టుకుంటూ పోతారు. ఒక వరస ఆరాకే ఇంకో వరస. ఆ వరసని వాళ్ళు బెర్రీ అంటారు, కింది రాళ్ళని గ్రంప్లింగ్స్ అంటారు. ఊళ్ళో పెరటి గోడలు కూడా ఇవే, పైన పెంకులు కప్పి ఉంటాయి. తల తడవకూడదు, కాళ్ళు తడవకూడదు, మధ్యలో గోడకి గాలాడాలి. అంతే దాని శాస్త్రం. మరీ ఎండితే పొడి రాలుతుంది, మరీ తడిస్తే బురదైపోతుంది.

మొదటి లెండర్ పంపిన వాల్యూయర్ రిపోర్టు ఒక పేజీ. విలువ అన్న గడిలో సున్నా. నిజంగా 0 అని అంకె వేసి ఉంది. నిర్మాణం మామూలు పద్ధతి కాదు, అప్పుకి పనికిరాదు అని ఒక వాక్యం. ఆయన నాకు రాత్రి పదకొండుకి ఫోన్ చేశాడు. "అమ్మమ్మ ఊళ్ళో మట్టిగోడ పక్కన పడుకుని పెరిగి, ఇంత చదువు చదివి, ఇక్కడికొచ్చి దాదాపు అయిదు లక్షల పౌండ్లకి మట్టిగోడ కొంటున్నానా అక్కా" అన్నాడు. నవ్వాలో ఓదార్చాలో తెలియలేదు. సున్నా అంటే ఇల్లు పనికిరాదని కాదు, ఆ లెండర్ పుస్తకంలో దానికి గడి లేదని అర్థం. ఇలాంటి ఇంటికి కంప్యూటర్ నిర్ణయం మీద నడిచే పెద్ద బ్యాంకుల జోలికి పోకుండా, మనిషి కూర్చుని ఫైలు చదివే బిల్డింగ్ సొసైటీకి (సభ్యుల సొంతమైన, ఇంటి లోన్లిచ్చే సంస్థ) వెళ్ళాలి, వాల్యూయర్ ఆ ప్రాంతం మనిషై ఉండాలి. ఊరంతా అవే గోడలున్న చోట తిరిగే వాల్యూయర్‌కి అది వింత కాదు. ఈ సంగతి నేను మొదటే చూసుకోవాల్సింది. వడ్డీ తక్కువ ఉందని అటు పంపాను, మూడు వారాలు పోయాయి.

లెండర్ వాల్యుయేషన్ వాళ్ళ అప్పు కోసం, మన కోసం కాదు. అందుకే విడిగా లెవెల్ 3 సర్వే, అంటే ఇంటిని లోతుగా పరీక్షించేది, చేయించమన్నాను, చౌకైన లెవెల్ 2 ఇలాంటి ఇళ్ళకి దండగ. సర్వే రోజు నేనూ వెళ్ళాను. సర్వేయర్ పెద్దాయన, గోడ మీద వేళ్ళ గణుపులతో కొట్టుకుంటూ నడిచాడు. టక్ టక్ టక్, ఒక చోటికి వచ్చేసరికి డబ్ డబ్. అక్కడ ఆగాడు. ఎవరో ఎప్పుడో ముందుగోడ మొత్తానికి సిమెంటు ప్లాస్టరింగ్ చేసేశారు. పైకి గట్టిగా, అందంగా ఉంది. వాన నీటి గొట్టం వెనక అరచేతి మందాన సిమెంటు పెచ్చు లేచి ఉంది. దాని వెనక వేలు పెట్టి చూపించాడు: లేత పసుపు కలిసిన తెల్లమట్టి, అందులో గడ్డిపరకలు, ఇంకా ముక్కలుగా కనపడుతున్నాయి. మట్టి చల్లగా, వేలికి అంటుకునేలా ఉంది. సిమెంటు పగుల్లోంచి నీళ్ళు లోపలికి పోతాయి, బయటికి రావు. సున్నంతో పూత వేసి ఉంటే గోడ తడిసినా ఆరిపోయేది. ఆవిడ అప్పటిదాకా ఏమీ మాట్లాడలేదు, ఆ మట్టి చూసి మాత్రం "మా ఊళ్ళో అయితే తాటాకు చూరు ఇంకా కిందికి దించుతారు, గోడకి జల్లు కొట్టకుండా" అంది. నేను దాన్ని ఇంగ్లీషులో చెప్తే సర్వేయర్ ఆవిడ వైపు తిరిగి, మిగతా గోడంతా ఆవిడకే చూపించుకుంటూ వెళ్ళాడు.

రిపోర్టులో సిమెంటు విప్పి సున్నం పూత వేయాలి, విడతలుగా చేయొచ్చు, గోడ నిలకడకి ఇప్పుడే ప్రమాదం లేదు అని వచ్చింది. దాన్ని పెట్టి ధర 4,70,000కి దించాం. అమ్మేవాళ్ళు పెద్దగా గొడవ పడలేదు, వాళ్ళకి గోడ సంగతి తెలిసే ఉంటుందని నా అనుమానం. రెండో లెండర్ ఒప్పుకున్నారు.

ఇక్కడిదాకా అందరం గోడ గురించే టెన్షన్ పడ్డాం. అసలు దెబ్బ ఇంకో వైపు నుంచి వచ్చింది.

డిపాజిట్ డబ్బు ఎక్కణ్ణుంచి వచ్చిందో చూపించాలి కదా, అందులో కొంత ఆయన హైదరాబాద్ ఎన్ఆర్ఓ ఖాతా (విదేశాల్లో ఉండేవాళ్ళు ఇండియా డబ్బు కోసం పెట్టుకునేది) నుంచి వచ్చింది. ఆ స్టేట్‌మెంట్ తిరగేస్తుంటే ఒక లైను: జీహెచ్ఎంసీ ప్రాపర్టీ టాక్స్. ఇదేంటి అని అడిగాను. "అదా అక్కా, మియాపూర్ ఫ్లాటుది. అది మాది కాదు, నాన్నది. నా పేరు ఊరికే ఉంది."

ఊరికే ఉంది! ఈ రెండు మాటలు నేను ఎన్నిసార్లు విన్నానో. మొదటి మీటింగ్‌లో నేను అడిగిన ప్రశ్న, "మీకు వేరే ఇల్లేమైనా ఉందా?" వాళ్ళు లేదన్నారు, నేను టిక్కు పెట్టాను. వాళ్ళు అబద్ధం చెప్పలేదు, వాళ్ళ మనసులో అది నిజంగానే నాన్న ఇల్లు. ప్రశ్న అడగడమే నాకు రాలేదు. ఇప్పుడు అలా అడగను. "ఇండియాలో ఏ ఇంటి కాగితం మీదైనా, మీ ఇద్దరిలో ఎవరి పేరైనా, ఎవరైనా, ఎప్పుడైనా రాయించారా?" అని అడుగుతాను. పదిమందిలో ముగ్గురు నలుగురు "ఆఁ... ఒక్క నిమిషం" అంటారు.

సంగతేంటంటే, 2016లో తండ్రీకొడుకులిద్దరి పేరు మీదా 48 లక్షలకి కొన్నారు, కొడుక్కి జీతం ఉంది కాబట్టి లోన్ వస్తుందని. ఈయన 2019లో ఇక్కడికి వచ్చేదాకా అందులోనే ఉన్నాడు. లోన్ తీరిపోయింది. అమ్మానాన్నలు ఇప్పుడూ అందులోనే ఉన్నారు. ఇంగ్లండు స్టాంప్ డ్యూటీకి మాత్రం ఇల్లు మియాపూర్‌లో ఉన్నా మాంచెస్టర్‌లో ఉన్నా ఒకటే. ప్రపంచంలో ఎక్కడైనా సరే ఇంట్లో వాటా ఉంటే రెండు దెబ్బలు.

మొదటిది, ఫస్ట్ టైమ్ బయ్యర్ తగ్గింపు పోయింది. అది ఎప్పుడూ ఎక్కడా ఇల్లు లేనివాళ్ళకే, ఇద్దరు కొంటే ఇద్దరికీ ఉండకూడదు. రెండోది, సర్‌చార్జ్. కంప్లీషన్ రోజు, అంటే డబ్బు కట్టి ఇల్లు చేతికి తీసుకునే రోజు, ముగిసేసరికి ఇంకో ఇంట్లో 40,000 పౌండ్లు లేదా అంతకు మించిన విలువగల వాటా ఉంటే, మొత్తం ధర మీద 5 శాతం అదనం. 2024 అక్టోబర్ 30 దాకా అది 3 శాతమే. భార్యాభర్తల్ని ఒక్కటిగానే చూస్తారు కాబట్టి, ఆయన పేరు మీద ఉంటే ఆవిడ పేరు మీద ఉన్నట్టే.

4,70,000 ఇంటికి వాళ్ళు అనుకున్న స్టాంప్ డ్యూటీ 8,500. తగ్గింపు లేకపోతే 13,500. సర్‌చార్జ్‌తో కలిపి 37,000. చేతిలో ఉన్నది 95,000. పదిహేను శాతం డిపాజిట్‌కి 70,500, లాయరు, సర్వే, సెర్చ్‌లకి (ఇంటి మీద రికార్డుల తనిఖీలు) ఓ 5,500. మిగిలేది 19,000. 37,000 ఎక్కణ్ణుంచి తెస్తారు?

ఎవరో స్నేహితుడు చెప్పాడట, చెప్పకపోతే పోయే, హైదరాబాద్ రిజిస్ట్రేషన్లు వీళ్ళకేం కనపడతాయి అని. స్టేట్‌మెంట్ నేను చూశాను, రేపు సాలిసిటర్, అంటే కొనుగోలు కాగితాలు నడిపే లాయరు, చూస్తారు, చూశాక తెలియనట్టు ఎవరూ ఫారం నింపరు, నింపమని అడిగితే ఫైలు వెనక్కిస్తారు అన్నాను. తర్వాత ఇంకో ఉపాయం: సగం వాటా కదా, 40,000 పౌండ్లలోపే చూపిద్దాం, రిజిస్ట్రేషన్ ఆఫీసు విలువ ప్రకారం చాలా తక్కువ వస్తుంది అన్నాడు. మన దగ్గర గవర్నమెంట్ వాల్యూ వేరు, నిజంగా చేతులు మారే డబ్బు వేరు అని అందరికీ అలవాటే. ఇక్కడ అడిగేది మార్కెట్ విలువ. అక్కడి రిజిస్టర్డ్ వాల్యూయర్‌తో చూపిస్తే ఫ్లాటు కోటీ నాలుగు లక్షలన్నాడు. సగం 52 లక్షలు, అప్పటి రేటుకి 44,000 పౌండ్ల పైన. గీత దాటింది. అదే ఫ్లాటు తొంభై లక్షలైతే దాటేది కాదు, అంత సన్నటి గీత.

ఆవిడ మధ్యలో భయంగా, తన పేరు మీద శంకర్‌పల్లి దగ్గర 200 గజాల ప్లాటుందని చెప్పింది. ఖాళీ ప్లాటు, పొలం ఇల్లు కిందకి రావు. పునాది లేచి ఇల్లు కట్టడం మొదలైతేనే కథ మారుతుంది. ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను, చాలామంది అడుగుతారు: పెద్దలు పోయాక వారసత్వంగా వచ్చిన వాటా సగానికి మించకుండా, వచ్చి మూడేళ్ళు దాటకుండా ఉంటే సర్‌చార్జ్ లెక్కలోంచి పక్కన పెడతారు. ఫస్ట్ టైమ్ బయ్యర్ తగ్గింపు మాత్రం దానితో కూడా పోతుంది.

ఆవిడ ఒక్కతే కొంటే అన్న ఆలోచన కూడా వచ్చింది. ఆయన డబ్బూ అందులో ఉంది, జీతం లేకపోతే లోన్ రాదు, కాబట్టి పేరు తీసేసినంత మాత్రాన ఆయన కొననట్టు కాదు అని సాలిసిటర్ కొట్టిపారేశారు. ఇక మిగిలింది ఒక్కటే దారి. కంప్లీషన్ లోపు ఆ సగం వాటాని నాన్నకి గిఫ్ట్ డీడ్ చేసెయ్యడం. తగ్గింపు తిరిగి రాదు, సర్‌చార్జ్ 23,500 మాత్రం తప్పుతుంది.

ఇక్కడ నేను ఆపి, ఇండియా ఆస్తుల పన్ను తెలిసిన అకౌంటెంట్ దగ్గరికి పంపాను. ఎందుకంటే గిఫ్ట్ ఇస్తే డబ్బు చేతికి రాకపోయినా, తండ్రికి ఇచ్చింది కాబట్టి మార్కెట్ ధరకి అమ్మినట్టే లెక్కేసి, పెరిగిన విలువ మీద ఇక్కడ క్యాపిటల్ గెయిన్స్ పన్ను అడుగుతారు. లాభం పౌండ్లలో చూస్తారు, కొన్నప్పటి రేటు, ఇచ్చినప్పటి రేటు. రూపాయి పడటం ఇలాంటప్పుడు మన మేలుకే. ఆయన అందులో కాపురమున్న ఏళ్ళకి మినహాయింపు, ఏడాదికి ఉండే 3,000 మినహాయింపు పోను, 24 శాతం చొప్పున రెండు వేల చిల్లర తేలింది. అదీ వెంటనే కాదు, 2027 జనవరి 31 లోపు. అక్కడి రిజిస్ట్రేషన్ ఖర్చు, విమానం టికెట్ కలుపుకున్నా 23,500కి దరిదాపుల్లో లేదు.

లెక్క తేలింది, నాన్న తేలలేదు. వీడియో కాల్లో నన్ను కూడా కూర్చోబెట్టారు. "ఏరా, నీ వాటా నాకు రాసిచ్చేదేంటి, మనకి పంపకాలయ్యాయా?" అన్నాడాయన. కొడుకు ఏదో దాస్తున్నాడని, ఆ దేశంలోనే ఉండిపోతాడని, రెండూ ఒకేసారి అనిపించినట్టుంది. నేను "బాబాయ్ గారూ, ఇది ఇక్కడి పన్ను కోసం, అంతే" అంటే, "పన్ను కోసం కొడుకు తండ్రికి దానం చెయ్యడం నేనెక్కడా వినలేదమ్మా" అన్నాడు. పక్క నుంచి కూతురు, అంటే ఈయన అక్క, నవ్వుతూ "అయితే రేపు సగం నాదే" అంది. నవ్వు సగమే. ఆ తర్వాత వారం రోజులు ఇంట్లో ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు, అడగలేదు. ఎనిమిదో రోజు పెద్దాయనే ఫోన్ చేయించి, ఎప్పుడొస్తున్నావో చెప్పు, స్లాట్ బుక్ చేస్తాను అన్నాడు.

ఇక్కణ్ణుంచి పవర్ ఆఫ్ అటార్నీ పంపొచ్చు. ఇక్కడి భారత హైకమిషన్‌లో అటెస్టేషన్, అది అక్కడికి చేరిన మూడు నెలల్లో స్టాంపు వేయించడం, దానికి వారాలు పడతాయి. అమ్మేవాళ్ళు అప్పటికే విసుగ్గా ఉన్నారు. ఆయన ఆగస్టులో నాలుగు రోజులు వెళ్ళి, స్వయంగా సంతకం పెట్టి, రిజిస్టరైన డీడ్ స్కాన్ కాపీ రిజిస్ట్రార్ ఆఫీసు మెట్ల మీద నుంచే పంపాడు.

మిగతాది పెద్దగా చెప్పుకోవాల్సింది లేదు, ఒక్క సెర్చ్ తప్ప. చాన్సెల్ రిపేర్ అని ఒకటుంటుంది: కొన్ని పాత పారిష్‌లలో, అంటే ఒక్కో చర్చి కిందికి వచ్చే ఊళ్ళలో, ఒకప్పటి చర్చి భూముల మీద ఉన్న ఇళ్ళవాళ్ళు చర్చి తూర్పు భాగం మరమ్మతుకి డబ్బు పెట్టుకోవాలి. వార్విక్‌షైర్‌లో ఆస్టన్ కాంట్లో అనే ఊరి కేసు అప్పటి పై కోర్టు హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా వెళ్ళి, 2003లో ఒక జంట ఓడిపోయారు, బిల్లు లక్షా ఎనభై వేల పౌండ్ల పైమాట. 2013 అక్టోబర్ 13 నుంచి, అది భూమి రికార్డులో నమోదై లేకపోతే కొత్తగా డబ్బిచ్చి కొన్నవాళ్ళకి తగలదు. మన దగ్గర దేవుడి మాన్యం ఉన్న సర్వే నంబర్లో ప్లాటు కొని తల పట్టుకున్నవాళ్ళకి ఇదేమీ కొత్తగా అనిపించదు. వీళ్ళ విషయంలో రికార్డులో ఏమీ లేదు.

సెప్టెంబర్లో ఎక్స్‌ఛేంజ్, అక్టోబర్లో తాళాలు. చేతిలో మిగిలింది అయిదున్నర వేలు, అందులోంచే హైదరాబాద్ ఖర్చు. అందుకే సున్నం పని మొత్తం ఒకేసారి కాకుండా ముందు వాన గొట్టం పక్క భాగమే పెట్టుకున్నారు, అదీ చలి పోయాకే. మంచు పడే రోజుల్లో సున్నం పట్టదు. ఊరు ఎలా ఉందంటే, ఆవిడకి ఆసుపత్రి దగ్గరైంది. ఆయన నడక తప్పించుకుందామని సెకండ్‌హ్యాండ్ సైకిల్ కొన్నాడు. కొత్తిమీర కోసం ఐల్స్‌బరీ, వెంకన్న కోసం ఎం40 హైవే ఎక్కి బర్మింగ్‌హామ్ పక్కన టివిడేల్ దాకా. పక్కింటి ముసలావిడ మొదటి వారంలోనే వచ్చి ఏ రోజు ఏ రంగు చెత్తడబ్బా బయట పెట్టాలో చెప్పి వెళ్ళింది, ఆ తర్వాత పొరపాటున తప్పు డబ్బా పెడితే వచ్చి మళ్ళీ చెప్పింది.

వసంతంలో గొట్టం పక్కన సిమెంటు విప్పిన రోజు ఆయన వాళ్ళ నాన్నకి వీడియో కాల్ చేసి గోడ చూపించాడట. పెద్దాయన ఫోన్ దగ్గరికి తెమ్మన్నాడు, ఇంకా దగ్గరికి తెమ్మన్నాడు, గడ్డిపరకలు కనపడేదాకా చూశాడు.

"బంగారం లాంటి గోడరా. దీనికి సిమెంటు కొట్టిన వెధవ ఎవడు?"